పొరుగూరి సైకిలు రుచి

2005లో అమెరికాలోని హ్యూస్టన్‌లో చేతితో చేసిన సైకిళ్లకు ఏకంగా ప్రదర్శనే పెట్టారు. గొట్టాలు అతికినాయన అక్కడ కళాకారుడు. బెల్లంకొండలో వంకరపోయిన రిమ్మును తిప్పి చూసుకుంటూ, వెనకచక్రం 40 స్పోకులనూ ఒక్కొక్కటే బిగించి బెండు తీసినాయన మాత్రం ‘పంక్చర్లోడు’. పైగా పది రూపాయల దగ్గర బేరం! వాళ్లు కొత్తది తయారుచేస్తారు, మనవాళ్లది మరమ్మతేగా అనొచ్చు. నిజమే. కానీ పాలక్యాన్లకు కొక్కేలు, బస్తాకు తగ్గ క్యారేజీ వెల్డింగు చేయించి బిగించాక అది కంపెనీలో పుట్టిన సైకిలేనా? గిరాకీ లేని పని అంటారా? కంపెనీల గతి మాత్రం ఏం బాగుంది! అట్లాస్ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది 2020 జూన్ 3న, సాక్షాత్తూ ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. ప్రదర్శనలకు టికెట్లు కొనే అయ్యలారా, ముందు మన ఊరి సైకిలుషాపులో బేరం మానండి.