తుఫాను సంచి: లక్షణాలు, వినియోగం

విపత్తు వచ్చినప్పుడు బయటి సాయం అందేదాకా, కనీసం మూడు రోజులు, ఇల్లు గడవడానికి సిద్ధం చేసుకున్న సరుకుల మూటే తుఫాను సంచి. కోస్తా జిల్లాల్లో దీన్ని సర్దడం ఓడరేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశాక మొదలవుతుంది. వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే చెబుతుంది గానీ, ఆ రోజులన్నీ ‘ఒడిశా వైపు పోతుందిలే’ అనే సిద్ధాంతం మీద గడిచిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ సిద్ధాంతాన్ని ఖాతరు చేయకుండా నేరుగా విశాఖలోనే తీరం దాటింది.

సంచిలో మొదటిది నీళ్లు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 4 లీటర్లనుకున్నా నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు. ఇది సంచిలో పట్టదు, పట్టినా ఎత్తేవాడుండడు. కనుక టిన్నుల్లో పట్టుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవారికి డ్రోన్లతో తిండి, నీళ్ల పొట్లాలు దించాల్సి వచ్చింది. ఇంట్లో నీళ్లు శుద్ధిచేసే యంత్రం ఉందిగా అనే ధీమా ఉంటుంది. దానికి కరెంటు కావాలి. కరెంటు పోతే ఇన్వర్టరు. అది మెట్ల కింద ఉంటుంది కాబట్టి అందరికంటే ముందు మునిగేది అదే.

టార్చిలైటు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాని బ్యాటరీలు టీవీ రిమోట్‌లో ఉంటాయి. బిస్కెట్లు, అటుకులు, వేయించిన శనగలు నెలల తరబడి నిలవుంటాయని పుస్తకాలు చెబుతాయి. పిల్లలున్న ఇళ్లను ఆ పుస్తకాలు పరిశీలించినట్టు లేదు. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలగొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపితే సరి. బీపీ, షుగరు మాత్రలు వారానికి సరిపడా ఉండాలి. వీటిని మాత్రం ఎవరూ మధ్యలో తినేయరు, అందుకే గడువు దాటేదాకా భద్రంగా ఉంటాయి.

డబ్బు నోట్ల రూపంలో ఉండాలి. టవర్లు కూలితే ఫోన్ చెల్లింపులుండవు. కొవ్వొత్తి అమ్మే కొట్టువాడికి క్యూఆర్ కోడ్ గోడమీది బొమ్మతో సమానం. అత్యవసరానికి 112, విపత్తు సహాయానికి 1070 నంబర్లను కాగితం మీదే రాసుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు, పొలం కాగితాలు నీళ్లు చొరని కవరులో పెట్టాలి. పడవ వచ్చి గుమ్మం ముందు ఆగాక బీరువా తాళంచెవి వెతకడం, ఆ తాళంచెవి ఎవరు ఎక్కడ పెట్టారన్న విచారణ, ఆనవాయితీ.

సంచిని ఎత్తయిన చోట, చేతికందేలా ఉంచాలి. ఎత్తయిన చోటంటే అటకే. అక్కడ అది బొమ్మల కొలువు పెట్టెలకూ, పాత కూలరుకూ వెనకాల ఉంటుంది. నిచ్చెన పక్కింటివాళ్లు సున్నాలకని పట్టుకెళ్లారు.