బాతు చీటీకి టీకా తాత్పర్యములు

అవతారిక

భిలాయినగరమున ఒకానొక సెక్టారునందలి కంపెనీ క్వార్టరులో, చీనాదేశీయుల కరకరలాడు బాతును స్వగృహముననే వండ సంకల్పించిన యొక గృహిణి, బజారునకు బయలుదేరుచున్న భర్త చేతికిచ్చిన చీటీయే యీ మూలగ్రంథము. ఆకారమున అల్పమై, అర్థమున అగాధమై, ఇరుగుపొరుగు క్వార్టర్లలో పలు మతభేదములకు కారణమైన దీనికి బాలబోధార్థము టీక వ్రాయబడుచున్నది.

మూలము

"ఏమండీ, బాతు ఒకటి, లేతది. తోలు తియ్యనివ్వకండి. అనాసపువ్వు, ఉల్లికాడలు. నూనె చాలు. వేయించేది రేపు."

టీక

ఏమండీ = ఓ భర్తా. గ్రంథాదిని మంగళము ఉండవలెనను నియమము దీనిచే నెరవేరినదని ప్రాచీనులు. ఇది మంగళము గాదు, రాబోవు ఆజ్ఞకు నాందియని నవ్యులు.

బాతు = బతఖ్ అని ఈ ప్రాంతపు హిందీ వ్యవహారము. చరకసంహిత సూత్రస్థానమున 27వదియగు అన్నపానవిధి యధ్యాయమునందు హంస, క్రౌంచ, కారండవాదులు నీటిపై చరించు పక్షుల వర్గమున చెప్పబడియుండుటచే, చీనావారి నెరుగకమునుపే మనవారు ఈ జాతిని పళ్లెమునకు తగినదిగా గణించిరని తెలియుచున్నది. అయినను కోడికివలె దీనికి నిత్యాపణము లేదు. సుపేలాలో ఆదివారపు సంతయందో, పవర్ హౌస్ బజారునందో, చెరువులుగల పల్లెలనుండి వచ్చినవారిని అడిగి వెదకవలెను.

లేతది = రొమ్ముయెముక చివర వ్రేలితో నొక్కిన వంగునది. పెకింగు బాతు మేపుడుచే బలిసి, తోలుక్రింద దట్టముగ క్రొవ్వు గలదై యుండును. మడులలో నత్తలను వెదకుచు తిరుగు మన నాటుబాతు కండ బిగిసి యుండును. వయసు ముదిరినచో ఎంత యుడికించినను పంటికి లొంగదు.

తోలు తియ్యనివ్వకండి = ఇది మీమాంసకుల నియమవిధి; రెండు మార్గములు సాధ్యమైనపుడు ఒకదానినే విధించునది. మన కసాయి, చెప్పినవాడు నోరు మూయకమునుపే తోలు నొలిచి కుక్కకు వేయుటకు అలవాటుపడినవాడు. ఈ వంటకమున తోలే ప్రధానము, మాంసము దాని యాశ్రయమాత్రము. కావున వేడినీట ముంచి ఈకలు పీకించుచున్నంతసేపు అచటనే నిలువవలెను. నీరంటనీయని నూనెతో ఈకలు పూయబడియుండుటచే కోడికంటె దీనికి కాలము హెచ్చు పట్టును. ఆ నూనెకు జన్మస్థానమగు గ్రంథి తోకమీద నున్నది. దానిని కోసివేయనిచో కూర యంతయు నీచువాసన వేయును. ఈ మాట మూలమున లేకున్నను అధ్యాహారముచే గ్రహింపవలెను.

అనాసపువ్వు = చీనా దక్షిణసీమలో పుట్టి మన బిర్యానీలో స్థిరపడిన సుగంధద్రవ్యము. ఇది ఉపలక్షణము; చీనావారి పంచమసాలాపొడిలోని లవంగము, దాల్చినచెక్క, సోపు, సెచువాను మిరియము అను తక్కిన నాలుగును దీనిచే గ్రహించవలెను. కడపటిది దొరకదని విచారింపనేల? దాని జ్ఞాతియగు రచ్చమాను మన కొండలలో కలదు. రాక్స్‌బర్గు అను వృక్షశాస్త్రపండితుడు ఆ తెలుగు పేరునే దానికి శాస్త్రనామముగ నొసగెను.

నూనె చాలు = ఇంట నున్న నూనె చాలునని యొకరు, నూనె తక్క మరి యే క్రొవ్వును వలదని వేరొకరు. మొదటి యర్థమును నమ్మినవాడు అరడబ్బా నూనెలో నిండు బాతును ముంచబోవును గావున, రెండవదియే గ్రాహ్యము.

ఆక్షేపము

ఒకే బాతునందు మాంసము వెన్నవలె విడివడుటయు, తోలు పెళపెళ విరుగుటయు ఎట్లు సంభవించును? మెత్తదనము, కరకర అను రెండును విరుద్ధధర్మములు. ఏకాధిష్ఠానమున వానికి సహవాసము తార్కికులు ఒప్పరు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇచటి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటినుండి అగ్నికి వెరవని యీ యూర, మంట హెచ్చించిన సర్వము సిద్ధించునని యొక మతము ప్రబలియున్నది. ఆ మతస్థులు పచ్చిబాతును కాగిన నూనెలో వేసిరి. వెలుపల బొగ్గయ్యెను, లోపల నెత్తురు నిలిచెను.

సమాధానము

కోక్ ఓవెన్ శాఖలో పదవీవిరమణ చేసిన శ్రీకాకుళపు పెద్దాయన యొకరు దీని నిట్లు తీర్చిరి: "బొగ్గును ఫర్నేసులో నేరుగా వేస్తామటయ్యా? గాలి తగలకుండా ముందు కాల్చి, దానిలోని ఆవిరులన్నీ వెళ్లగొట్టాకనే కదా అది కోకవుతుంది!" ఆయన యభిప్రాయ మేమనగా: తోలునందలి నీరు పోనంతవరకు నూనెయొక్క వేడి యంతయు ఆ నీటిని ఆవిరి చేయుటకే వ్యయమగును, తోలు పెళుసెక్కదు. కావున మొదట ఆవిరిపై నిదానముగ ఉడికింపవలెను. అప్పుడు బిగిసిన నరములు జిగురై కరగును, తోలుక్రింది క్రొవ్వు దిగజారును. పిదప ఆరవలెను. ఆపిమ్మటనే నూనె. విరుద్ధధర్మములకు కాలభేదము కల్పించుటచే విరోధము పరిహృతమైనది.

తాత్పర్యము

బీజింగులో 1864లో నెలకొన్న చువాన్‌జుదె భోజనశాలవారు పండ్లచెట్ల కట్టెల మంటపై బాతును వ్రేలాడదీసి కాల్తురు. క్వార్టరు వంటింట అట్టి పొయ్యి లేదు గావున, ఉడికించి వేచు సెచువాను క్రమమే మనకు శరణ్యము. నేడు ఉప్పు, మసాలాపొడి, అల్లము పట్టించి, రెండు చెక్కలుగ కోసి, ఇడ్లీపాత్రలో సుమారు రెండుగంటలు ఆవిరి పట్టవలెను. చల్లారిన పిదప తడి యద్ది, రాత్రియంతయు ఫ్రిజ్‌లో మూతలేక ఉంచవలెను. ఈ యూరి వేసవిలో ఫంకా క్రింద రాత్రి విడిచినచో ఆరుటకంటె ముందు చెడును. మరునాడు ఉల్లికాడ ముక్క వేసినంతనే బుసబుస పొంగునంత కాగిన నూనెలో బంగారువన్నె వచ్చువరకు వేచి, పలుచని చపాతీలో ఉల్లికాడలు, కీరదోస ముక్కలతో చుట్టి తినవలెను. "వేయించేది రేపు" అను రెండు మాటలలో ఇంత శాస్త్రము ఇమిడియున్నది. దానిని భర్త బద్ధకమునకు అనుజ్ఞగా తలచుట అపార్థము.

విశేషములు

ఎముకలను కాచిన చారగును. ఇడ్లీపాత్ర యడుగున దిగిన క్రొవ్వును పారబోయరాదు. దానిలో వేచిన బంగాళాదుంపలకు సాటి లేదు. అయితే ఆ వేపుడును, శాకాహారవ్రతులైన చుట్టములు వచ్చినపుడు, "ఇందులో మాంసము ముక్కయే లేదు" అను సత్యవాక్యముతో వడ్డించుట మాత్రము నిషిద్ధము.