మా రోజుల్లో వైన్‌కి మార్కుల్లేవు

ఒరే అబ్బాయ్, బిరడా ఇంకా తియ్యనేలేదు, అప్పుడే సీసాకి ఫొటో కొట్టి "తాతయ్యా, దీనికి 94 వచ్చాయి" అంటావేంట్రా? వైన్ ఏమన్నా పరీక్ష రాసిందా? నేను యానాం నుంచి ఈ బోర్డోకొచ్చి పడ్డ కొత్తలో మార్కుల గోల లేదు. ఉన్నదల్లా 1855లో మూడో నెపోలియన్ పారిస్ ప్రదర్శన కోసం ఇక్కడి దళారులు రాసిచ్చిన జాబితా. అందులో ఎర్ర వైన్లకు ఐదు తరగతులు. 1973లో మూతోన్ రోచిల్డ్‌ని రెండో తరగతి నుంచి మొదటికి ఎక్కించడం తప్ప దాన్ని పెద్దగా కదిపిన మగాడు లేడు. తర్వాత రాబర్ట్ పార్కర్ అనే అమెరికా ప్లీడరు 1982 పంటను ఆకాశానికెత్తి, నూటికి ఇన్ని అని మార్కులేసి జనానికి మప్పాడు. ఇంక చూసుకో, నాలికతో పని లేకుండా పోయింది.

మా కింద వాటాలో ఓ పెద్దాయన ఉండేవాడు, పీపాలు చేసే పనివాడు. 225 లీటర్ల ఓక్ పీపాను వేలితో తట్టి బాగోగులు చెప్పేవాడు. ఆదివారం భోజనానికి పిలిచాడంటే శనివారమే సీసా నిలబెట్టేవాడు, మడ్డి అడుక్కి దిగాలని. మర్నాడు సీసా మెడ వెనక కొవ్వొత్తి పెట్టి, ఊపిరి బిగబట్టి, గాజు జగ్గులోకి వంచేవాడు. మెడలోకి నల్లచార రాగానే ఠక్కున ఆపేసేవాడు. బోర్డో సీసాకి ఆ ఎత్తు భుజాలున్నది ఆ మడ్డి కోసమేరా, ఫొటోలో అందంగా పడ్డానికి కాదు. అడుగున మిగిలిన గుక్కెడూ వాళ్ళావిడ మాంసం కూరలో పోసేసేది. సూపు అడుగంటేసరికి ఆయన పళ్ళెంలో ఇంత ఎర్ర వైన్ ఒంపుకుని, రెండు చేతులా ఎత్తి తాగేవాడు. దాన్ని శాబ్రో అంటారు. మంచి వైన్‌తో కాదులే, రోజువారీ దాంతోనే. నువ్విప్పుడు అలా చేస్తే మీ ఆవిడ విడాకులిస్తుంది.

ఏం చెబుతున్నాను? ఆఁ, ఓపిక. మెదోక్ గులకరాళ్ళ నేలలో పండే కాబెర్నే సోవిన్యోఁ ద్రాక్ష వైన్‌ని కుర్రతనంలో తాగితే, పచ్చి నేరేడుకాయ కొరికినట్టు చిగుళ్ళు పట్టేసేవి. అందుకే పదిహేనేళ్ళు చీకట్లో పడుకోబెట్టేవాళ్ళు. అప్పటికి వగరు మెత్తబడి దేవదారు చెక్క, పొగాకు, తడి మట్టి వాసనలు పైకొచ్చేవి. ఇప్పుడు ఎండలు ముదిరాయి, పండు బాగా పండుతోంది, కొన్న సాయంత్రమే తాగెయ్యొచ్చట. వెనక ఆల్కహాలు 12 డిగ్రీలుండే వైన్ ఇప్పుడు 14, 14.5 అంటోంది. రెండో గ్లాసుకే కుర్చీలో కునుకు పట్టేస్తోంది. అది వయసు అంటుంది మీ మామ్మ, నేను డిగ్రీలంటాను. ఎండలకు తట్టుకోడానికంటూ 2021లో పోర్చుగల్ ద్రాక్ష తూరిగా నాసియోనాల్‌ని కూడా ఇక్కడ నాటుకోమన్నారు. ఇదేమన్నా సత్రమా?

సరే, 1963, 1965, 1968 పంటల మాట ఎత్తబోతున్నావు, నాకు తెలుసు. వానలకు ద్రాక్ష కుళ్ళి, వచ్చిన ఆ పుల్లనీళ్ళను కూడా మేం భేష్ భేష్ అంటూ తాగాం. ఒప్పుకున్నాను. అయినా ఆ పులుపుకి ఓ మర్యాద ఉండేదిరా.

అన్నట్టు, ఎర్ర వైన్ గది వేడిమిలో తాగాలన్నది రేడియేటర్లు లేని ఇళ్ళ మాట. ఆ గదులు 17 డిగ్రీలుంటే గొప్ప. మీ ఇంట్లో 23. అది వైనా, కషాయమా? కాసేపు చల్లగా పెట్టు. గ్లాసులో మూడోవంతే పొయ్యి. తిప్పకముందోసారి, తిప్పాకోసారి వాసన చూడు. గుక్క కాసేపు నోట్లో నిలుపు. నచ్చిందో లేదో చెప్పు చాలు. వచ్చే ఆదివారం మాత్రం ఓ పాత పొయ్యాక్ ఊరి వైన్ పట్టుకురా, కనీసం పదిహేనేళ్ళది. పెద్ద జీతం కదా నీది.