వెయ్యి ముక్కల సర్వే

పాత్రలు:
అల్లుడు – డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చెప్పులు కొనాలన్నా ఎక్సెల్ షీట్ తెరుస్తాడు.
మామగారు – గుంటూరు జిల్లాలో సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చారు.
అత్తగారు – సీరియల్ చూస్తూనే ఇంట్లో ప్రతి మాటా వింటారు.

(క్రిస్మస్ సెలవులు. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తప్ప ఇంకేమీ లేదు.)

మామగారు: ఏవిటల్లుడుగారూ, సెలవుల్లో కూడా ఆఫీసు పనేనా?

అల్లుడు: ఆఫీసుది కాదు మావయ్యగారూ. జిగ్సా పజిల్ ఒకటి కొందామని. ఈ చలికి బయట తిరగలేం, మీకూ పొద్దుపోతుంది. ఏ బ్రాండు మంచిదో తేలుస్తున్నాను.

మామగారు: ఎప్పట్నించి తేలుస్తున్నారు?

అల్లుడు: థాంక్స్‌గివింగ్ నుంచి.

మామగారు: అట్టముక్కలకా?

అల్లుడు: అట్టముక్కలని తీసిపారేయకండి. పదకొండు కాలమ్స్ పెట్టాను. మందం, కోత, బిగువు, మెరుపు, పొడి...

మామగారు: పొడేంటి?

అల్లుడు: కోసినప్పుడు రాలే అట్టపొడి. సంచీ అడుగున ఉండిపోతుంది.

మామగారు: మా రికార్డు రూములో పాత ఎఫ్‌ఎంబీ, అదే కొలతల పుస్తకం, తెరిస్తే అంతకంటే ఎక్కువే రాలేది. సరే, బరిలో ఎవరెవరున్నారు?

అల్లుడు: ముందు రావెన్స్‌బర్గర్. జర్మనీలో రావెన్స్‌బర్గ్ అనే ఊళ్లో ఒట్టో మయర్ అనే ఆయన 1883లో పెట్టిన ప్రచురణ సంస్థ. పెట్టె మూలన నీలం త్రికోణం ఉంటుంది. పైన నారబట్టలాంటి గరుకు, లైటు పడినా మెరవదు. ఇక బిగువంటారా, పూర్తయ్యాక అంచు పట్టుకుని మొత్తం పైకెత్తి చూపించేవాళ్లున్నారు.

మామగారు: ఎందుకెత్తడం?

అల్లుడు: బిగువు పరీక్షండి.

మామగారు: ముప్ఫయ్యేళ్లు చేలు కొలిచాను. కొలిచిన చేను ఎత్తి చూపించమని ఒక్క రైతూ అడగలేదు.

అల్లుడు: ఇంకో విచిత్రం చూడండి. వెయ్యి ముక్కలని రాసిన పెట్టెలు చాలావాటిలో 1026 ఉంటాయి. 38 వరసలు, వరసకి 27. డెబ్బై సెంటీమీటర్ల పొడుగు, యాభై వెడల్పు బొమ్మని ఇంచుమించు నలుచదరపు ముక్కలుగా కొయ్యాలంటే ఆ లెక్కే కుదురుతుంది.

మామగారు: కాగితం మీద వెయ్యి, కొలిస్తే 1026! నా సర్వీసు మొత్తం మీద కొలిస్తే తగ్గిందే గాని పెరిగింది చూళ్లేదు. ఆ 26 ఎవరి ఖాతాలో ఎక్కించారు?

అల్లుడు: అవి కొసరు. అసలు కీలకం కోతలో ఉంది. రిబ్బన్ కట్ అయితే నిలువు వరసలు, అడ్డ వరసలు, అన్నీ క్రమంగా ఉంటాయి. ర్యాండమ్ కట్ అయితే ఏ ముక్క ఆకారం దానిదే. నాలుగు మూలలు ఒకచోట కలవాలన్న నియమం లేదు. కెనడాలో కాబుల్ హిల్ వాళ్లది ఆ పద్ధతి.

మామగారు: అర్థమైంది. మొదటిది సీఆర్‌డీఏ లేఅవుటు, రెండోది మా పాత గ్రామకంఠం.

అల్లుడు: లేఅవుటులో ఒక చిక్కుంది. దాన్ని ఫాల్స్ ఫిట్ అంటారు. ముక్క తనది కాని చోట కూడా చక్కగా కూర్చుంటుంది. గంట తర్వాతగాని బయటపడదు.

మామగారు: గంటేనా! మావాళ్లకి రెండు తరాలు పట్టేది. పక్కవాడి చేలో గట్టేసుకుని, పాసుపుస్తకం కూడా పుట్టించుకుని, మనవడి పెళ్లినాటికి సర్వేకి అర్జీ పెట్టేవాళ్లు.

అల్లుడు: తర్వాత గిబ్సన్స్. లండన్, 1919. మందపాటి అట్ట. తర్వాత బఫలో గేమ్స్. న్యూయార్క్ రాష్ట్రంలో బఫలో ఊరిదే, 1986 నుంచి ఉంది. ధర అందుబాటులో ఉంటుంది గాని, నా షీటులో పాయింట్లు తగ్గాయి. స్పెయిన్ ఎడ్యుకా వాళ్లయితే ముక్క పోయిందని రాస్తే ఆ ముక్క పంపిస్తారు.

మామగారు: పోయిన హద్దురాయి ప్రభుత్వమే తెచ్చి పాతుతుందా! ఆ దేశంలో ఉద్యోగం చెయ్యాల్సింది నేను.

అల్లుడు: మీకు నచ్చే సంగతి ఇంకోటుంది. అసలీ ఆట పటాల వాళ్లు మొదలెట్టిందే. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన పటాన్ని పలచని చెక్కకి అంటించి, దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకి భూగోళం నేర్పడానికి అమ్మాడు.

మామగారు: హద్దు వెంట కోశాడంటే మనవాడే. ఆయనగారి ముక్కల బిగువెంత?

అల్లుడు: బిగువు లేదండి. అప్పట్లో ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకునేవి కావు. పక్కపక్కన పేర్చుకోవడమే.

మామగారు: మెరుపు? పొడి?

అల్లుడు: ...అప్పుడు ఎవరూ చూసినట్టు లేదు.

మామగారు: అయినా పిల్లలు భూగోళం నేర్చేసుకున్నారు. పాపం, పదకొండు కాలమ్స్ లేకుండానే.

అల్లుడు: అప్పటి కాలం వేరండి.

మామగారు: ఈ దేశంలోనే సంగతి చెప్పండి పోనీ.

అల్లుడు: ఇక్కడ 1932, 33 ప్రాంతాల్లో, బ్యాంకులు మూతపడి ఉద్యోగాలు పోయిన రోజుల్లో, అట్ట పజిళ్లకి విపరీతమైన గిరాకీ. వారానికో కొత్త పజిల్ పేపర్ల దుకాణానికి వచ్చేది, పాతిక సెంట్లు. మందుల షాపుల్లో అద్దెకి కూడా ఇచ్చేవాళ్లు.

మామగారు: ఉద్యోగం లేనివాడు వారానికొకటి పూర్తిచేశాడు. ఉద్యోగమున్న మీరు నెల రోజులుగా పెట్టె తెరవలేదు.

అల్లుడు: తప్పుది కొంటే డబ్బు దండగ కదా మావయ్యగారూ!

మామగారు: ఒక సంగతి అడుగుతాను. ముక్కలు దేంతో కోస్తారు?

అల్లుడు: పలచని ఉక్కు పట్టీల్ని ముక్కల ఆకారంలో వంచి అచ్చు చేస్తారు. దాన్ని ప్రెస్సులో పెట్టి అట్ట మీద ఒత్తుతారు.

మామగారు: వాడగా వాడగా అరగదూ?

అల్లుడు: అరుగుతుంది. మొదట కోసినవి శుభ్రంగా విడిపోతాయి. అచ్చు మొద్దుబారాక కోసినవి అంచులు చిరిగినట్టుంటాయి.

మామగారు: మా గొలుసూ అంతే. లాగగా లాగగా లింకులు సాగిపోతాయి. సరిచూసుకోకుండా కొలిస్తే ఊరు ఊరంతా తప్పే. అంటే మీ షీటులో ఉన్నది బ్రాండు గుణం కాదు. ఎవరో ఒకాయన ఏదో ఒక రోజున కొన్న ఒక పెట్టె గుణం. ఆ పెట్టె కోసిననాడు అచ్చు ఎంత అరిగిందో మీకెవరు చెబుతారు?

అల్లుడు: (కాసేపు ఆలోచించి) నిజమే. అచ్చు వయసు. పన్నెండో కాలమ్. (టైపు చేస్తాడు.)

మామగారు: నేను ఒక కాలమ్ కొట్టేయిద్దామనుకుంటే ఇంకోటి పుట్టించారే!

అల్లుడు: ఈ గొడవలేవీ వద్దనుకుంటే వెర్మాంట్‌లో స్టేవ్ వాళ్లున్నారు. 1974 నుంచీ ఉన్నారు. చెక్కని మనిషే రంపంతో కోస్తాడు. పెట్టె మీద బొమ్మ కూడా వెయ్యరు, చూడకుండానే కలపాలి. పెద్దవైతే వేల డాలర్లు.

మామగారు: పటం ఇవ్వకుండా సర్వే చేయించి, ఎదురు మననే డబ్బు అడుగుతారన్నమాట.

అత్తగారు: (టీవీ సౌండు తగ్గించి) ఇంతకీ మీరు కొనేదాని మీద బొమ్మేంటి బాబూ?

అల్లుడు: బొమ్మంటే... (పైకీ కిందకీ జరిపి చూస్తాడు.) ఆ కాలమ్ పెట్టలేదత్తయ్యగారూ.

అత్తగారు: బావుంది! రేపు వారాల తరబడి వంగి చూడాల్సింది బొమ్మనా, అట్టనా? సగం ఆకాశం, సగం మంచుకొండ ఉన్నది కొంటే ఏ కంపెనీదైనా తలనొప్పే. నాకు సంత బొమ్మ కావాలి. రంగురంగుల గుడారాలు, బుట్టల్లో కాయగూరలు, నాలుగు బోర్డులు. ఏ ముక్క చేతికొచ్చినా ఎక్కడిదో తెలుస్తుంది. వెయ్యి వద్దు, అయిదొందలు చాలు. ముక్కలు కాస్త పెద్దవి చూడండి, మీ మావయ్యగారికి మొన్ననేగా కంటి ఆపరేషనయింది. లైబ్రరీలో ఒకటి పెట్టి ఒకటి తీసుకెళ్లే బీరువా ఉందని అమ్మాయి చెప్పింది. అక్కడ దొరికినా ఫర్వాలేదు.

అల్లుడు: లైబ్రరీదా! ముక్కలన్నీ ఉంటాయని గ్యారంటీ ఏంటండీ?

అత్తగారు: లేకపోతే ఒక గుమ్మడికాయ తగ్గుతుంది. సంత ఆగిపోదుగా.

అల్లుడు: (ఉత్సాహంగా కొత్త షీట్ తెరిచి) మీరన్నది మంచి పాయింటండీ. బొమ్మని కూడా కొలవొచ్చు. ఆకాశం ఎంత శాతం దాకా ఫర్వాలేదంటారు?

మామగారు: ఆకాశం పోరంబోకు అల్లుడుగారూ. హద్దురాయి ఉండదు, అడంగల్లో పేరుండదు. పోరంబోకుని శాతాలతో సహా తేలుస్తానని మా ఆఫీసులో ఒకాయన దిగాడు. ఆయన రిటైరయ్యాడు గాని ఆ ఫైలు ఇంకా సర్వీసులోనే ఉంది.

అత్తగారు: ఆ ఒకాయన ఎవరో కూడా చెప్పండి అల్లుడికి!