తొమ్మిదితో ఆగే లెక్క

షోలాపూర్ పూర్వభాగంలో మా పద్మశాలి సేట్లను మించిన లెక్కల పండితులు లేరు. టవల్ తూకం నాలుగు గ్రాములు తగ్గినా చేత్తో పట్టుకుని చెప్పేస్తారు. ఏ మగ్గం ఎంతసేపు ఆగింది, ఏ అక్క కండెలు తక్కువ పట్టింది, చాయకు పోయిన పిల్ల ఎప్పుడు తిరిగొచ్చింది, అన్నీ నోటి మీదే. కార్ఖానాలో మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడే పాపం, తొమ్మిది దగ్గర నాలుక మడతపడుతుంది.

ఊరికే పడదు. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వచ్చి మీద పడేది. అందులో 19వ సెక్షన్ ఆడవాళ్ళకు వేరే సండాసు కట్టమంది, శుభ్రంగా ఉంచమంది. ఎందుకొచ్చిన పీడ? ఒకే రేకుల కప్పు కింద, మధ్యలో గోడైనా లేకుండా మూడు కార్ఖానాలు వెలిశాయి. ఒకటి సేటు పేర, ఒకటి సేటమ్మ పేర, ఒకటి ఇంకా పుట్టని మనవడి పేర. తలా తొమ్మిది మంది. 2025 నవంబరు 21 నుంచి అమలైన కొత్త కార్మిక కోడ్, ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే ఇరవై మంది ఉండాలంది. దాంతో సేటుగారు ఈ వయసులో పందొమ్మిది దాకా నేర్చుకుంటున్నారు. పదిమంది పనిచేసే చోటల్లా సంస్థే అని అదే కోడ్ ఇంకో మూల అంది గానీ, ఆ అక్షరాలు ఆయన కళ్ళద్దాలకు ఆనవు.

కొన్నిచోట్ల సండాసు ఉంది, అబద్ధమాడకూడదు. తలుపు ఉంది. గొళ్ళెం బదులు పడుగు దారం ఉంది. డబ్బా లేదు. టవళ్ళకు అంచులు కుట్టే అక్క ఒకామె తెగించి అడిగింది.

"సేటూ, సండాసుల మూతున్న డబ్బా ఒకటి పెట్టియ్యరాదు?"

"డబ్బా ఎందుకమ్మా?"

తెలియక అడగలేదాయన. ఆమె నోటితో చెప్పలేదని తెలిసే అడిగాడు. ఆమె చెప్పలేదు.

ప్యాడ్ గొట్టంలోకి పోయింది. నీళ్ళు పీల్చడంలో అది మన టెర్రీ టవల్‌కు మేనకోడలు. ఉబ్బి అడ్డం పడింది. వచ్చిన ప్లంబర్ తీసుకున్న కూలితో డజను డబ్బాలు కొనొచ్చు. మర్నాడు తలుపు మీద మరాఠీలో ఒకటి, తెలుగులో ఒకటి, రెండు కాగితాలు: ఇందులో ఏమీ వేయరాదు. ఎందులో వేయాలో రెండు భాషల్లోనూ లేదు.

సేటుగారు మెచ్చిన చట్టమూ ఒకటుంది. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు. చెత్త పుట్టించినవారే వాడిన ప్యాడ్‌ను చుట్టి చెత్తడబ్బాలో వేయాలని అవి అన్నాయి. "చూశారా, ఆడవాళ్ళ బాధ్యతే!" అని మురిసిపోయారు. పుట్టించేవారంటే ఆడమనిషే కాదు, కార్ఖానా కూడా అని ఆ నిబంధనలే చెప్పాయి. పేజీ తిప్పాలి, అంతే. బ్రిటన్ పనిచోట్లలో 1992 నాటి నిబంధనల కింద ఈ డబ్బా ఉండాల్సిందే. సీమకు వెళ్ళే మన టవల్‌కు దొరికే మర్యాద, దాన్ని కుట్టిన చేతికి దొరకదు.

బీడీ సేట్లు ఇంకా ఘనులు. పనినే ఇళ్ళకు పంపేశారు. 2006లో కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ నగర్‌లో బీడీ అక్కలకు 10,000 ఇళ్ళు లేచాయి. 10,000 సండాసులు! యజమానికి చీపురు ఖర్చు కూడా లేదు.

నూలు పున్నమికి మార్కండేయ రథం కదిలేటప్పుడు మాత్రం చందా పుస్తకంలో మొదటి పేరు మన సేటుదే. లోకం మానం కాపాడిన కులం మనది అని మైకు అందుకుంటారు. రథం వెనక నడిచే ఆడవాళ్ళలో సగం మంది ఆ తొమ్మిదిలో వాళ్ళే.

సాయంత్రం గేటు దగ్గర ఆడవాళ్ళ సంచులు వెతుకుతారు, టవల్ ఏదైనా బయటికి పోతోందేమోనని. అంచులు కుట్టే అక్క సంచిలో ఖాళీ టిఫిన్ డబ్బా, దాని కింద మరాఠీ పేపర్లో చుట్టి, వేస్టు నూలుతో కట్టిన పొట్లం.

"ఇదేంది?" అన్నాడు వాచ్‌మన్.

"కార్ఖానా మాలే. రేపు చెత్త గంటాగాడిల ఏస్త. ఇప్పి సూస్తవా?"

వాచ్‌మన్ చూపు మార్చి, "నడువ్ నడువ్" అన్నాడు. ఆ పొట్లం రిజిస్టరులోకి ఎక్కలేదు.