ఆకుపచ్చ పుణ్యం

జర్మనీలో మెక్‌డొనాల్డ్స్ 2009లో బోర్డుల మీది ఎరుపు తీసేసి ముదురాకుపచ్చ వేయిస్తామంది. పర్యావరణం మీద బాధ్యతట! లోపల బర్గర్ యథాతథం. 2013లో కోకా-కోలా వంతొచ్చింది. అర్జెంటీనా, చిలీలలో ‘లైఫ్’ పేరిట ఆకుపచ్చ లేబుల్ దింపింది. స్టీవియా ఆకుల తీపి కలిపింది నిజమే. పక్కనే చక్కెరా ఉంది. బ్రిటన్‌లో 2014లో వచ్చిన ఆ పచ్చదనం 2017కల్లా వాడిపోయింది. ఎర్ర సీసా మాత్రం నవనవలాడుతూనే ఉంది.

ఎండాకాలం ఎర్ర టార్పాలిన్ కింద పుచ్చకాయలు పెట్టి, ముక్కలు ఎర్రగా కనబడేలా చేసే బండివాణ్ని టక్కరి అంటాం. అదే పని కంపెనీ చేస్తే బ్రాండింగ్ అంటాం. బండివాడే నయం, అడిగితే కాయ కోసి చూపిస్తాడు!