సెనెటరమ్మ మోక్ష పథకం

మొత్తానికి అమెరికాకు బ్రహ్మజ్ఞానం అబ్బింది. పేదలకు సర్కారిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌కు కోత పెడితే జనం చచ్చిపోతారని 2025లో అయోవాలో జనంతో పెట్టిన సభలో ఎవరో అరిచారు. సెనెటర్ జోనీ ఎర్న్‌స్ట్ గారు తొణక్కుండా "ఎలాగూ మనమందరం పోయేవాళ్లమే కదా" అనేశారు. మర్నాడు క్షమాపణ వీడియో కూడా వదిలారు, సమాధుల మధ్య తీసి మరీ! శ్మశాన వైరాగ్యానికి లొకేషన్ షూటింగ్ ఇదే మొదటిసారేమో. 1893లో వివేకానందుడు షికాగోలో చల్లిన విత్తనం 132 ఏళ్లకు మొక్కజొన్న చేలల్లో మొలకెత్తిందన్నమాట.

ఇక అప్పుడు సెనెట్ ముందుండి, 2025 జులైలో చట్టమైపోయిన ఆ కోతల బిల్లును జ్ఞాననేత్రంతోనే చదవాలి. నెలకు 80 గంటలు పనిచేస్తేనే పేదవాడికి బీమా అన్న షరతు ఉంది చూశారూ, అది కర్మయోగం. చేసిన పనికి నెలనెలా కాగితాలు అప్పజెప్పడం జపం. 2018లో ఆర్కన్సాలో ఈ సాధన మొదలెడితే కొద్ది నెలల్లోనే 18,000 మందికి పైగా భవబంధాలు, అంటే బీమా కార్డులు, తెగిపోయాయి. వాళ్లలో చాలామంది పనిచేస్తున్నవాళ్లో, మినహాయింపు ఉన్నవాళ్లో. జపం లెక్క తప్పింది, అంతే. చివరికి ఓ జడ్జిగారు కలగజేసుకుని తపోభంగం చేశారు. ఈసారి బిల్లు సెనెట్‌కు చేరిన రూపంలోనే పాసైతే 2034 నాటికి మరో కోటీ తొమ్మిది లక్షల మంది బీమా నుంచి విముక్తులవుతారని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అప్పట్లో అంచనా వేసింది. ఏ పీఠాధిపతికుంది ఇంత శిష్యగణం?

ఆత్మకు రంగు లేదంటారు. మోక్షానికి మాత్రం సీనియారిటీ జాబితా ఉంది. 65 ఏళ్లలోపు తెల్లవాళ్లలో బీమా లేనివారు నూటికి ఏడుగురికి మించరు. నల్లవాళ్లలో దాదాపు పదిమంది. హిస్పానిక్‌లలో, అక్కడి ఆదివాసుల్లో పద్దెనిమిదికి అటూ ఇటూగా. దీక్ష ముందుగా ఎవరికిచ్చారో తెలిసిందిగా! నల్లవాళ్ల కిడ్నీలకైతే మొన్నమొన్నటిదాకా పుణ్యం కూడా కలిపేవారు. రక్తపరీక్షను బట్టి కిడ్నీ సత్తువ లెక్కగట్టేటప్పుడు, రోగి నల్లవాడైతే వచ్చిన అంకెను 1.159తో హెచ్చవేయాలని సూత్రం. పాడైన కిడ్నీ కాగితం మీద బాగుపడేది. మార్పిడి జాబితాకెక్కడానికి నీకింకా టైముంది నాయనా, వెళ్లిరా అనేవారు. ఆ సూత్రం వద్దని తేల్చడానికి 2021 దాకా పట్టింది.

గురువుగారు మాత్రం ఇంకా సంసారంలోనే ఉన్నారు. సెనెటర్ల బీమా ప్రీమియంలో సింహభాగం ఖజానాయే కడుతుంది. లోకకల్యాణం కోసం దేహాన్ని నిలుపుకోవద్దూ మరి!

అందరం పోతాం. సభలో అరిచిన మనిషికి ఆ సంగతి తెలియక కాదు. ఎప్పుడు పోతాం, ఎందుకు పోతాం అన్నదే గొడవ. 2023లో అమెరికాలో లక్ష కాన్పులకు తెల్లజాతి తల్లులు 14.5 మంది చనిపోతే, నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు. గర్భంతో ముడిపడ్డ చావుల్లో నూటికి ఎనభైకి పైగా ఆపగలిగినవేనని అక్కడి సర్కారీ ఆరోగ్య సంస్థ సీడీసీ సమీక్షలే చెబుతున్నాయి. ఆపగలిగి ఆపని చావుకు విధి అని, ప్రకృతి అని పేరుపెట్టడానికి సిగ్గుండాలి. పురిటి మంచం మీద నెత్తురోడుతున్న పాతికేళ్ల పిల్ల దగ్గర నిలబడి, పక్కనే గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ వింటుండగా, అందరం పోయేవాళ్లమే అనగలరా అమ్మా? అంటానంటే, ముందు మీ బీమా కార్డు చించేసి అనండి.